తొంభై అని అరిచినవాడు

"పడితే ఎంతిస్తారు?"

పెళ్లి సంబంధం మాట్లాడుకోవడానికి వచ్చిన మనిషిని కాబోయే అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న అది. జీతమెంత, సొంతిల్లుందా, తాగుతావా అనే వరసలో అడగవలసినవన్నీ ఆమె తర్వాతకి వాయిదా వేసింది. ఆవిడ పెద్దాసుపత్రిలో ఎముకల వార్డులో ఆయా. పరంజాల మీంచి, కరెంటు స్తంభాల మీంచి, లిఫ్టు గుంటల్లోకి పడి వచ్చినవాళ్ల పక్కబట్టలు ఇరవయ్యేళ్లుగా మారుస్తున్న మనిషి. ఎవరు ఎంత ఎత్తునుంచి పడ్డారో, వాళ్ల పెళ్ళాలు ఎన్నాళ్లు వరండాలో పడుకున్నారో, ఎవరి యజమాని ఒక్కసారైనా మొహం చూపించాడో ఆమెకి కంఠతా వచ్చు.

"నాకు తెలీదండీ. ఇంతవరకు పడలేదు," అన్నాడతను.

పక్కన కూర్చున్న మేనమామ మోచేత్తో పొడిచాడు. "కంపెనీ చూసుకుంటుందని చెప్పరా!" అని పళ్ల మధ్యనుంచి గొణిగాడు కూడా. అతను చెప్పలేదు. టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. వాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయాక ఆవిడ కూతురితో, "వీడికే చేద్దాం. తెలీనిదాన్ని తెలీదన్నాడు. మగాళ్లలో ఆ రకం దొరకదు," అంది. అలా జరిగింది ఆ పెళ్లి.

అతన్ని పనిలో అందరూ బల్లి అంటారు. అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉంది, అక్కడే ఉంటుంది. టవరు ఇనుముకి పొట్ట ఆనించి, రెండు కాళ్లు ఎడంగా పెట్టి, ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో పనిచేసే తీరు చూసి ఎవరో మొదటిరోజే అన్నారు. ఇరవయ్యో ఏట అంటుకున్న ఆ పేరు నలభై ఆరో ఏటికీ ఊడలేదు.

ఎత్తున పనిచేసేవాళ్ల గురించి రాసేవాళ్లకి మబ్బుల పిచ్చి ఒకటి ఉంటుంది. పైనుంచి ఊరు బొమ్మల కొలువులా ఉంటుందనీ, అక్కడ మనిషికీ ఆకాశానికీ ఏదో మంతనం జరుగుతుందనీ రాస్తారు. బల్లికి పైన కనిపించేది తన ముక్కు ముందున్న అర మీటరు ఇనుము. పక్షుల రెట్ట, తుప్పు, ముందు వచ్చినవాడు వదిలేసిన బోల్టు, చెమటకి మసకబారిన కళ్లద్దాలు. ఊరు ఎలా ఉంటుందని భార్య ఒకసారి అడిగితే, "కిందే ఉంటుంది," అన్నాడు.

అతని పని రేడియో టవర్ల మీద కేబుల్ ఎక్కించి కట్టడం. ఇంజనీర్లు కోయాక్సియల్ కేబుల్ అంటారు, పనివాళ్లు కోయాక్సు అని ఊరుకుంటారు. బొటనవేలికి రెండింతల లావు, పైన నల్ల తొడుగు, లోపల రాగి గొట్టం, దాని మధ్యలో ఇంకో రాగి తీగ. చూడ్డానికి నీళ్ల పైపులా ఉంటుంది గానీ గారాబం ఎక్కువ. అడ్డదిడ్డంగా వంచకూడదు, నొక్కకూడదు, తాడు నేరుగా కట్టి లాగకూడదు. గొట్టం ఒక్కచోట సొట్టపడితే మొత్తం చుట్ట పారెయ్యాల్సిందే. అందుకని పైకి లాగేముందు దాని మెడకి ఇనుప తీగలతో అల్లిన తొడుగొకటి ఎక్కిస్తారు. లాగేకొద్దీ బిగుసుకుంటుంది. పనివాళ్లు దాన్ని మేజోడు అంటారు. కేబుల్ పైకి చేరాక ఆ మేజోడుని టవరు ఇనుముకి తగిలించి శాశ్వతంగా అక్కడే వదిలెయ్యాలి. ఆ తర్వాత పైనుంచి కిందిదాకా మీటరుకొక స్టీలు క్లాంపు. బరువు మేజోడు మోస్తుంది, కేబుల్ ఊగకుండా క్లాంపులు పట్టుకుంటాయి, యాంటెనాకి బిగించే జాయింటు మాత్రం దేన్నీ మొయ్యకూడదు. ఆ వృత్తిలో శాస్త్రం అంతే. మిగిలిందంతా నడుంనొప్పి.

ఇంకొక ఆచారం ఉంది వాళ్ల ముఠాలో. కట్టినవాడు దిగుతూ లెక్క చెప్పాలి. ప్రతి క్లాంపునీ చేత్తో పట్టి కుదిపి, గట్టిగా ఉంటే దాని నెంబరు అరవాలి. కింద తాడు దగ్గరున్నవాడు ఆ నెంబరు తిరిగి అరవాలి. గాలిలో మాటలు సగం కొట్టుకుపోతాయి కాబట్టి సాగదీసి అరుస్తారు. దూరంనుంచి వినేవాళ్లకి ఇద్దరు పిచ్చోళ్లు ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నట్టుంటుంది. ఇంజనీరు టవరెక్కడు. అతను నీడలో కుర్చీ వేసుకుని ఆఖరి నెంబరు వింటాడు. టవరు ఎన్ని మీటర్లో నెంబరు అంతైతే కాగితం మీద సంతకం పెడతాడు. అంటే ఆ పని బాగుందనడానికి లోకంలో ఉన్న ఒకే ఒక రుజువు, దిగుతున్నవాడి నోరు.

పెళ్లయిన పదేళ్లకి బావమరిది ఈ పనిలోకి వచ్చాడు. అతను దర్జీ. బజారులో చిన్న కొట్టు, రెండు మిషన్లు. రెడీమేడ్ బట్టలు వచ్చి కొట్టుని మెల్లగా నమిలేశాయి. చివరికి చిరుగులు కుట్టడం, ప్యాంట్లు పొట్టి చెయ్యడం మిగిలాయి. ఒక మిషను అమ్మేశాడు, రెండోది ఇంటికి తెచ్చి భార్యకిచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ల వయసులో మేడ మెట్లెక్కి వచ్చి బల్లి ముందు నిలబడ్డాడు. రెండు కుటుంబాలదీ ఒకే ఇల్లు. కింద గదుల్లో అత్తగారు, కొడుకు, కోడలు, మనవరాలు. పైగదిలో కూతురు, అల్లుడు.

"బావా, నన్ను కింద పెట్టుకో. తాడు లాగుతా."

"చేతులు కాయలు కాస్తాయి."

"కాయనీ. ఖాళీ చేతులు చూసి చూసి విసుగొచ్చింది."

కిందినుంచి అత్తగారి కేక వినిపించింది. "ఒకణ్ణి అల్లుణ్ణి చేసుకున్నది చాలకా, ఇప్పుడు కొడుకుని కూడా ఎక్కిస్తావా? అల్లుడూ, వీడు పడితే ఎంతిస్తారో అదైనా కనుక్కున్నావా?"

"నేను పడనమ్మా!" అని దర్జీ మెట్ల మీంచి అరిచాడు. "బావ కట్టినదాన్ని పట్టుకుని వేలాడతా!"

ఏడాదిన్నర తాడు దగ్గరే ఉన్నాడు. ఆ తర్వాత ఎక్కడం మొదలుపెట్టాడు. భయం పోలేదుగానీ భయాన్ని జోకుల కింద దాచేవాడు. అతని అసలు విద్య జాయింట్ల దగ్గర బయటపడింది. పైన జాయింటు బిగించాక వాన నీళ్లు దిగకుండా టేపు చుట్టాలి. కింది నుంచి పైకి చుట్టాలి, ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పాలి, పెంకులు పరిచినట్టు. పైనుంచి కిందికి చుడితే ప్రతి మడతా ఒక చిన్న దోసిలై నీళ్లు పడుతుంది. మిగతావాళ్లకి ఇది ఒంటపట్టడానికి ఏడాది పట్టింది, దర్జీకి ఒక పూట పట్టింది. అతను చుట్టిన టేపు మీద ముడత ఉండేది కాదు. "మీరంతా కేబుల్ కడతారు. నేను ఆకాశానికి కాజాలు కుడతా," అనేవాడు. బల్లి పెద్దగా నవ్వే మనిషి కాదు. ఆ మాటకి మాత్రం ప్రతిసారీ నవ్వేవాడు.

ఇక రేడియో స్టేషను టవరు సంగతి.

ఊరి చివర గిడ్డంగుల వెనక, ముళ్లకంచె లోపల, తొంభై మీటర్ల టవరు. కొత్త కేబుల్ ఎక్కించాలి. అతుకులేని కేబుల్, కొత్త కప్పీ, ఎండ కూడా పెద్దగా లేదు. అన్నీ బాగున్నాయి. సంచి విప్పితే క్లాంపులు నలభయ్యే ఉన్నాయి.

బల్లి కాంట్రాక్టరుకి ఫోన్ చేశాడు. కాంట్రాక్టరు చెడ్డవాడేం కాదు, ఆ మాట కూడా చెప్పుకోవాలి. పనివాళ్ల పిల్లల పుస్తకాలకి సాయం చేసేవాడు, ఎవరింట్లో పెళ్లయినా ముందు వరసలో కూర్చునేవాడు. కాకపోతే ఒక టవరుకి కొన్న సామానుతో రెండు టవర్లు లేపాలనే యావ.

"కింద నుంచి కట్టుకుంటూ రా," అన్నాడు. "నలభై మీటర్ల దాకా ఇంజనీరు కంటికి ఆనుతుంది. అంతవరకు స్టీలు ఉండాలి. ఆపైన చూసేది కాకులే. ప్లాస్టిక్ ట్యాగులు వేసెయ్."

"సార్, ఉన్నవి పైన వెయ్యాలి. బరువంతా పైనుంచే కదా."

"వారంలో మిగతా క్లాంపులు వస్తాయి. వచ్చి మార్చుకుంటావు. ఆఁ, ఇంకోటి. మేజోడు దింపుకురా. రేపు ఇంకో టవరు మీద కావాలి, ఉన్నది ఒకటే."

"మేజోడు కూడా తీస్తే జాయింటు మొయ్యాలి సార్ మొత్తం."

"వారం మొయ్యదా?"

బల్లి ఆలోచించాడు. "మోస్తుంది," అన్నాడు. అది నిజం.

"మరింకేంటి?"

ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే సామెత. ఇక్కడ ఏరు మధ్యలోనే తెప్పలోంచి పలకలు పీకి ఇంకో తెప్పకి వేస్తున్నారు. అయినా బల్లి కట్టాడు. కింది నలభై మీటర్లు స్టీలు, పై యాభై మీటర్లు సామాను మూటల మూతి కట్టే నల్ల ప్లాస్టిక్ ట్యాగులు. మీటరుకొకటి కాదు, మనసొప్పక రెండేసి కట్టాడు. ఆఖరున మేజోడు విప్పి సంచిలో వేసుకున్నాడు. ఇక దిగాలి. కింద ఇంజనీరు కుర్చీలో ఉన్నాడు. తాడు దగ్గర దర్జీ మెడ వెనక్కి వాల్చి, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

బల్లి మొదటి ట్యాగుని పట్టి కుదిపాడు. ఒకటి అనాలి. నోరు కాస్త ఆగింది. తర్వాత అరిచాడు.

"ఒకటీ!"

"ఒకటీ!" అంది కింద గొంతు.

మొదటి అబద్ధం దాటిపోతే మిగతా నలభై తొమ్మిదీ వాటంతటవే వచ్చాయి. యాభై ఒకటి దగ్గర్నుంచి అన్నీ నిజాలు. "తొంభై!" అని అతను నేలమీద కాలు పెడుతూ అన్నాడు. "తొంభై!" అని దర్జీ అతని మొహంలోకే అరిచి, వీపు మీద చరిచాడు. ఇంజనీరు సంతకం పెట్టి కారెక్కాడు.

సంచిలో మేజోడు ఉందని దర్జీ చూడలేదు. ట్యాగుల సంగతి బల్లి అతనికి చెప్పలేదు. చెప్పకపోవడానికి పెద్ద కారణమేం లేదు. కింద నిలబడి గొంతు చించుకున్న మనిషికి, నువ్వు అరిచిన వాటిలో యాభై అబద్ధాలని చెప్పడం మొహమాటం. వారంలో మార్చేస్తే చెప్పాల్సిన అవసరమే ఉండదు కదా.

మూడు వారాలు కాంట్రాక్టరుకి గుర్తు చేశాడు. "వస్తున్నాయి, దారిలో ఉన్నాయి," అన్నాడాయన. నాలుగో వారంనుంచి అడగడం మానేశాడు. బస్సులో ఆ దారిన వెళ్లినప్పుడల్లా మాత్రం గిడ్డంగుల కప్పుల మీంచి టవరు కొన వైపు చూసేవాడు. కేబుల్ ఉండేది. ఉంది కాబట్టి ఉంటుందనిపించేది. అలా రెండేళ్ల నాలుగు నెలలు గడిచాయి. ప్లాస్టిక్ ట్యాగు ఎండలో ఏడాది గడిపితే తెల్లబడుతుంది, రెండేళ్లకి ఎండుటాకులా విరుగుతుంది. ఇది బల్లికి ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటివి చేతివేళ్లతో నలిపి పారేసిన మనిషే అతను.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి బల్లి ఇంకో చోట, ఇంకో టవరు కింద, తాడు చుట్ట విప్పుతున్నాడు. ఫోన్ మోగింది.

"బావా, నన్ను మన రేడియో టవరుకి పంపిస్తున్నారు. పై జాయింటులోకి నీళ్లు దిగాయంట. విప్పి, తుడిచి, మళ్లీ టేపు చుట్టాలి."

"ఎవరున్నారు నీతో?"

"డ్రైవరు. కింద కూర్చుని బీడీ కాల్చడానికి ఒక మనిషి ఉండాలి కదా."

బల్లి తాడు కింద పెట్టాడు. "విప్పేముందు కేబుల్‌ని తాడేసి టవరుకి కట్టు. గట్టిగా కట్టు."

"ఎందుకూ? నువ్వు కట్టినదానికి నేను మళ్లీ తాడు కట్టడమేంటి? తొంభై అని నువ్వు అరిస్తే తొంభై అన్నది నేను కాదా?" దర్జీ నవ్వుతున్నాడు.

"చెప్పింది చెయ్."

"సరేలే. సాయంత్రం వచ్చేటప్పుడు కుట్టుమిషను బెల్టు ఒకటి పట్టుకురా. తెగిందని మీ చెల్లెమ్మ పొద్దున్నుంచి నా బుర్ర తింటోంది."

ఫోన్ పెట్టేశాడు.

పైనంతా ట్యాగులే, మేజోడు లేదు. ఇంకో నాలుగు మాటలు. అంతే కావలసింది. చుట్టూ పనివాళ్లున్నారు, ఫోన్లో సిగ్నలు సరిగ్గా లేదు, కాంట్రాక్టరు తమ్ముడు పక్కనే నిలబడ్డాడు. ఇవన్నీ తర్వాత తనకి తాను చెప్పుకున్నాడు. ఏదీ అడ్డం కాదని కూడా తనకే తెలుసు. సగం చెప్పాడు. ఎందుకు కట్టాలో చెప్పని తాడుని ఎవడు కడతాడు? బావ అతిజాగ్రత్త మనిషి అనుకుని దర్జీ కట్టలేదు.

పదకొండు దాటాక డ్రైవరు ఫోన్ చేశాడు. మాటలు తడబడుతున్నాయి. "మీవాడు పైన... మీరు రండి. పడలేదు. పడలేదుగానీ మీరు రండి."

బల్లి చేరడానికి యాభై నిమిషాలు పట్టింది. అగ్నిమాపకవాళ్ల నిచ్చెన ముప్ఫై మీటర్లు అందింది. వాళ్లు మెడలు ఎత్తి చూస్తున్నారు. బల్లి నడుముకి పట్టా బిగించుకుని ఎక్కాడు.

జరిగింది దగ్గరికి వెళ్తే తెలిసిపోయింది. జాయింటు విప్పినప్పుడు కేబుల్ కొస గాలికి ఊగి మొహానికి తగలకుండా నడుముకి చిన్న తాడుతో కట్టుకోవడం అందరికీ అలవాటే. క్లాంపుల్లో ఉన్న కేబుల్ కొస చంటిపిల్ల బరువు కూడా ఉండదు. దర్జీ అలాగే కట్టుకుని జాయింటు విప్పాడు. రెండేళ్లుగా మొత్తం బరువు మోస్తున్నది ఆ జాయింటే. అది వదిలేసింది. ట్యాగులు పైనుంచి ఒకటొకటిగా పటపటమని తెగాయని డ్రైవరు చెప్పాడు, పల్లీలు ఒలిచినట్టు చప్పుడయిందన్నాడు. యాభై మీటర్ల కేబుల్ టవరునుంచి ఒలిచినట్టు ఊడి బయటికి పడి, నలభయ్యో మీటరు దగ్గర మొదటి స్టీలు క్లాంపు మీద విరిగి వేలాడింది. దాని రెండో కొస దర్జీ నడుముకి ఉంది.

అతను పడలేదు. భద్రత కొక్కెం పట్టుకునే ఉంది. పైన కొక్కెం, కింద కేబుల్ బరువంతా, మధ్యలో మనిషి. బల్లి వెళ్లేసరికి ప్రాణం పోయి చాలాసేపయింది.

నడుం తాడు కోసి, ఇంకో తాడు వేసి, తన ఒంటికి కట్టుకుని దింపాడు. నలభయ్యో మీటరు దగ్గర స్టీలు క్లాంపులు మొదలయ్యాయి. పాదాలు మెట్లు వెతుక్కుంటుంటే అతని నోరు దానంతటదే మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. కిందనుంచి ఎవరూ తిరిగి అనలేదు. నలభై అన్నాక నేల తగిలింది.

సాయంత్రం ఇంటికి చేరినప్పుడు జేబులో కుట్టుమిషను బెల్టు ఉంది. దారిలో ఎప్పుడు ఆగాడో, ఎప్పుడు కొన్నాడో గుర్తులేదు.

కంపెనీనుంచి ఒక కాగితం వచ్చింది. 'మా కుటుంబ సభ్యుణ్ణి కోల్పోయాం' అని అందులో ఉంది. కుటుంబ సభ్యుడి పేరులో రెండు అక్షరాలు తప్పు.

నాలుగోరోజు కాంట్రాక్టరు వచ్చాడు. ఇంట్లోకి రాకుండా మెట్ల మీద కూర్చుని బల్లిని పిలిచాడు. కళ్లు నిజంగానే ఎర్రగా ఉన్నాయి.

"చూడు బల్లీ. విచారణ ఉంటుంది. కేబుల్ కొస నడుముకి కట్టుకున్నాడు, అది రూల్ కాదు, నేను చాలాసార్లు వద్దని చెప్పాను అను. స్వయంకృతం అని రాసుకుని మూసేస్తారు. చెల్లెమ్మకి నేను రెండు లక్షలు చేతిలో పెడతా. నీ పని నీకుంటుంది."

"ట్యాగుల సంగతి?"

"ట్యాగులేంటి?" కాంట్రాక్టరు అతని మొహంలోకి చూశాడు. "తొంభై క్లాంపులని కాగితం ఉంది. అరిచింది నువ్వు, నేను కాదు. పోయినవాడు ఎలాగూ పోయాడు. ఒకే ఇంట్లో ఇద్దర్నీ పోగొట్టుకుంటారా?"

చెట్టెక్కేవాణ్ణి ఎంతదాకా ఎగదోస్తామని లోకం అంటుంది. ఎగదోసిన చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో కాంట్రాక్టరుకి తెలుసు.

లెక్క చాలా సులువు. స్వయంకృతం అని ఫైలు మూసేస్తే దర్జీ భార్యకి పైసా రాదు. కాంట్రాక్టరు దయతలచి ఇచ్చే రెండు లక్షలే. కట్టడంలో లోపమని తేలితే ఏడు లక్షల దాకా కట్టించవచ్చని కార్మిక శాఖ ఆఫీసులో గుమస్తా చెప్పాడు. ఆ లోపం చేసిన చెయ్యి బల్లిది. ఆ మాట అన్ననాడు అతని పని పోతుంది, మీద కేసు పడుతుంది.

భార్య ముందే పసిగట్టింది. "మీకు తెలుసు కదా," అంది పైగదిలో, బట్టలు మడతపెడుతూ, అతనివైపు చూడకుండా.

అతను తలూపాడు.

"అమ్మకి చెప్పకండి. మీరు కూడా ఇంట్లో కూర్చుంటే కిందా పైనా రెండు పొయ్యిలూ ఆరిపోతాయి." మడత పెట్టిన చొక్కాని విప్పి మళ్లీ మడత పెట్టింది. "వాడు నా తమ్ముడు. నేను చెబుతున్నా, చెప్పకండి." తర్వాత చొక్కాలో మొహం పెట్టుకుంది.

మర్నాడు కింద గదిలో అత్తగారు అడగనే అడిగింది. ఆవిడ రిటైరయి ఆరేళ్లయింది, ప్రశ్నలు అడిగే తీరు మాత్రం వార్డులోదే.

"అల్లుడూ, ఆ కేబుల్ ఎందుకు ఊడింది?"

"తెలీదత్తయ్యా."

ఆవిడ అతన్ని చాలాసేపు చూసింది. అదే మాట విని ఒకప్పుడు పిల్లనిచ్చింది. ఈసారి లేచి లోపలికి వెళ్లింది.

విచారణ మూడు నెలలకి జరిగింది. కార్మిక శాఖ ఆఫీసు రెండో అంతస్తులో చిన్న గది. ఫ్యాను ఒక రెక్క వంకరగా తిరుగుతూ టకటకమంటోంది. బల్ల వెనక అధికారి, ఒకపక్క కాంట్రాక్టరు, అతని లాయరు. గోడవార బెంచీ మీద అత్తగారు, కోడలు. బల్లి నిలబడ్డాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపమని అనుకుంటాం. అతనికి ఆ గదిలో కప్ప, పాము రెండూ తనే.

అధికారి ఫైలు తిప్పి కాగితం చదివాడు. "క్లాంపులు తొంభై. ఇంజనీరు సంతకం ఉంది. లెక్క చెప్పింది మీరేనా?"

"అవునండీ."

"కింద ఎవరు విన్నారు?"

"మా బావమరిది. నేను అరిస్తే తిరిగి అరిచేది అతనే."

లాయరు లేచాడు. సంతోషం దాచుకోలేకపోయాడు పాపం. "అయ్యా, ఇది రాసుకోవాలి. తొంభై క్లాంపులూ ఉన్నాయని మృతుడే స్వయంగా ధ్రువీకరించాడు. తన నోటితో తనే చెప్పాడు. ఇక కట్టడంలో లోపమెక్కడిది?"

అధికారి కలం తీసుకున్నాడు. రాయబోతున్నాడు.

"రాయకండి," అన్నాడు బల్లి.

గొంతు టవరు మీద అరిచినంత పెద్దగా వచ్చింది. అందరూ తలెత్తారు.

"వాడు అన్నది వాడి మాట కాదండీ. నేను ఏది అరిస్తే అది అన్నాడు. నలభయ్యే ఉన్నాయి. పై యాభై ప్లాస్టిక్ ట్యాగులు. నేనే కట్టాను. మేజోడు కూడా లేదు, నేనే తీశాను. తియ్యమని ఈయన చెప్పాడు, తీసింది నేను. తొంభై అని అరిచింది నేను."

లాయరు ఏదో అనబోయాడు. కాంట్రాక్టరు అతని చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

"మూడు నెలలనుంచి ఎందుకు చెప్పలేదు?" అన్నాడు అధికారి.

బెంచీ మీంచి అత్తగారు లేచింది. ఆవిడ అధికారిని పట్టించుకోలేదు.

"మూడు నెలల సంగతి వదిలెయ్. ఆ రోజు పొద్దున వాడు నీకు ఫోన్ చేశాడని కోడలు చెప్పింది. అప్పుడు చెప్పావా?"

"అమ్మా, మీరు కూర్చోండి," అన్నాడు అధికారి.

"చెప్పావా?"

"తాడు కట్టుకోమన్నాను," అన్నాడు బల్లి.

"ఎందుకో చెప్పావా?"

"లేదు."

ఆవిడ కూర్చుంది. అధికారి రాసుకున్నాడు. ఫ్యాను టకటకమంటూనే ఉంది.

ఆ వారమే అతని పని పోయింది. ఊళ్లో ఇంకో నలుగురు కాంట్రాక్టర్లున్నారు. నలుగురూ నాలుగు రకాలుగా ఒకే మాట చెప్పారు. నిజం చెప్పినవాణ్ణి జనం మెచ్చుకుంటారని పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. పాత ముఠావాళ్లు బజారులో ఎదురైతే పక్క వీధిలోకి తిరిగేవాళ్లు. వాళ్ల భయం వాళ్లది. వాళ్లలో ఎవరు ఎన్ని టవర్ల మీద ఎన్ని ట్యాగులు లెక్కపెట్టారో వాళ్లకే తెలియాలి. అతని మీద నిర్లక్ష్యం కేసు ఒకటి పడింది, వాయిదాలు నడుస్తున్నాయి.

ఇప్పుడు అతను అపార్ట్‌మెంట్లలో ఇంటర్నెట్టు, టీవీ వైర్లు కడుతున్నాడు. గోడ వెంబడి, మోకాలి ఎత్తున. అడుగుకొక క్లిప్పు కొడతాడు. ఇన్నెందుకని ఇంటివాళ్లు విసుక్కుంటారు. అతను తర్వాతది కొడతాడు. పని అయ్యాక మొదటినుంచి చివరిదాకా వంగి నడుస్తూ ఒక్కొక్కదాన్నీ వేలితో కుదుపుతాడు. పెదవులు కదులుతాయి, శబ్దం రాదు.

కింద గదిలో కుట్టుమిషను మళ్లీ నడుస్తోంది. దర్జీ భార్య పొరుగువాళ్ల బట్టలు కుడుతోంది. బల్లి భార్య రోజూ దిగి కాజాలు కుట్టి పెడుతుంది. వదినా మరదళ్లు పెద్దగా మాట్లాడుకోరు, పని అయ్యేదాకా పక్కపక్కనే కూర్చుంటారు. అత్తగారు అల్లుడితో మాట్లాడడం మానేసింది. ఇల్లు చిన్నది కాబట్టి మెట్ల మీద ఎదురుపడతారు. ఆవిడ గోడవైపు జరిగి దారిస్తుంది.

తీర్పు కాగితం వచ్చిన రోజు ఒక్కసారి మాట్లాడింది. కాంట్రాక్టరు రెండు నెలల్లో ఏడు లక్షలు చెల్లించాలని అందులో ఉంది. కోడలు చదివి వినిపించింది. ఆవిడ ఆ కాగితం పట్టుకుని మెట్లెక్కి పైకి వచ్చింది. మోకాళ్ల నొప్పితో ఆవిడ పైకి రాక ఏళ్లయింది. గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు.

"నువ్వు చెప్పినందుకు ఇది వచ్చింది," అంది. "నువ్వు చెప్పనందుకు వాడు పోయాడు. చెల్లుకు చెల్లు అనుకోకు."

"అనుకోనత్తయ్యా."

"అనుకోవు. తెలుసు." కాగితం మడిచి కొంగున కట్టుకుని, రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగింది. అతను పైనే నిలబడి ఆఖరి మెట్టు దాకా చూశాడు.

ఆ తర్వాత కాంట్రాక్టరు ఆ కంపెనీ మూసేసి, తమ్ముడి పేర కొత్తది తెరిచాడు. పాత కంపెనీకి ఆస్తులేవీ లేవని అఫిడవిట్ వేశాడు. తీర్పు వచ్చి మూడేళ్లయింది. ఏడు లక్షల్లో రెండు విడతలుగా లక్షా ఇరవై వేలు వచ్చాయి. ఇంకా ఐదు లక్షల ఎనభై వేలు రావాలి.